కుముదిని గొంతు

సీతారత్నమ్మగారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని పడుతుంది. యూసఫ్‌గూడలో ఆవిడ దగ్గర డబ్బింగు నేర్చుకున్న ప్రతివాళ్ళకీ ఇది అనుభవమే. ఏడుపు గొంతులోకి ఎలా తెచ్చుకోవాలండీ అని ఒకతను అడిగితే, వారం రోజులు పెద్దాసుపత్రి వరండాలో కూర్చుని రమ్మంది. అతను వెళ్ళొచ్చాక మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. కోపంలో మాట ఎందుకు తడబడుతుందని ఇంకొకామె అడిగితే, మేడమీద ఇంటివాళ్ళతో నీళ్ళ ట్యాంకు గురించి దెబ్బలాడి రమ్మంది. అదీ ఆవిడ బోధన. బళ్ళో చదివింది అయిదో తరగతి. మిగతాదంతా బందరు నాటకాల్లో దుమ్ము మింగుతూ నేర్చిన విద్య.

ముప్పై ఏళ్ళపాటు తెరమీది ఆడవాళ్ళకు గొంతిచ్చిన ఆ మనిషికి ఇప్పుడు గొంతు లేదు. కంఠానికి ఆపరేషనయ్యాక మిగిలింది కాస్త గాలీ, కాస్త జీరా. డెబ్బై ఆరేళ్ళ వయసులో ఆ జీరతోనే పాఠం చెబుతుంది, ఆ జీరతోనే తిడుతుంది. పాఠం వినపడకపోయినా తిట్టు మటుకు వీధి చివరిదాకా వినపడుతుందని శిష్యులు చెప్పుకుంటారు.

ఆ శిష్యుల్లో నీలవేణి అనే పిఠాపురం పిల్ల ఉండేది. ఇరవై ఆరేళ్ళది. మంచి గొంతు, దానికి తగ్గ పౌరుషం. ఆ ఏడాది ఊరూ వాడా మోగిపోయిన ఒక సినిమాలో, బొంబాయి నుంచి కొత్తగా వచ్చిన హీరోయిన్‌కి గొంతిచ్చింది నీలవేణే. ఆ హీరోయిన్ మాటలు జనం నోళ్ళలో నానాయి, పెళ్ళి వీడియోల్లోకి ఎక్కాయి, ఆ అమ్మాయికి అవార్డు కూడా వచ్చింది. అవార్డు పుచ్చుకుంటూ వేదిక మీద ఆ అమ్మాయి అందరికీ దణ్ణాలు పెట్టింది, కారు నడిపే అతనితో సహా. టీవీ ముందు చెవులు రిక్కించుకుని కూర్చున్న నీలవేణికి తన పేరు మాత్రం వినపడలేదు. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా పెద్దలు. పిల్లకి ఆ పూట అన్నం సయించలేదు.

సరిగ్గా అప్పుడే ఒక యూట్యూబు ఛానెల్ వాళ్ళు దిగారు. ఆ హీరోయిన్ సెట్లో తన సొంత గొంతుతో పలికిన ముక్క ఒకటి నీలవేణి ఫోన్లో ఉండిపోయింది. డబ్బింగుకి వచ్చినప్పుడు పెదవుల కదలికకి మాట కలపడం కోసం ఇచ్చిన ముక్క అది. వచ్చీరాని తెలుగు, నత్తి నత్తిగా, మగపిల్లాడి గొంతులా ఉంటుంది. "అది మాకివ్వండి చాలు. పక్కన మీ గొంతు పెట్టి చూపిస్తాం. ఒక్క రోజులో ఆవిడ పరువు గంగలో కలుస్తుంది, మీ పేరు పైకొస్తుంది" అన్నారు వాళ్ళు. సోమవారంలోగా చెప్పమన్నారు. ఆ బొంబాయి పిల్ల నవ్వులపాలు కావాలి, అప్పుడుగానీ తన కడుపు చల్లబడదు అనుకుంది నీలవేణి. అయినా గురువుకి చెప్పకుండా ఎప్పుడూ ఏ పనీ చెయ్యలేదు కనక, శుక్రవారం సాయంత్రం వెళ్ళి అంతా చెప్పుకుంది.

రత్నమ్మగారు గోరుచిక్కుళ్ళకు ఈనెలు తీస్తూ వింది. విన్నాక ఇంకో గుప్పెడు ఒళ్ళో వేసుకుంది.

నీలవేణికి ఉక్రోషం వచ్చింది. "ఒక్కటి చెప్పండి అమ్మగారూ. మీరు గొంతిచ్చిన ఆ కాలం హీరోయిన్లంతా ఏమయ్యారు? ఎక్కడో బంగళాల్లో కడుపులో చల్ల కదలకుండా కూర్చునుంటారు కదా. మీరేమో ఈ రెండు గదుల్లో, ఉన్న ఒక్క గొంతూ పోగొట్టుకుని, గోరుచిక్కుళ్ళు వలుచుకుంటూ."

రత్నమ్మగారు చేతిలో ఉన్న చిక్కుడుకాయ పూర్తిగా వలిచి పక్కన పెట్టింది. "ఆదివారం నిడదవోలు పోవాలి. నువ్వూ రా. పదమూడు వాక్యాలూ ఒకసారి మననం చేసుకో" అంది.

పదమూడు వాక్యాలంటే ఆ బడిలో అందరికీ తెలుసు. నలభై అయిదేళ్ళ కిందటి ఒక సినిమాలో, భర్త మరో ఆడదాన్ని పెళ్ళాడి తీసుకొస్తే, ఇల్లు వదిలి వెళ్ళిపోతూ గడప దగ్గర కుముదిని చెప్పే మాటలవి. ఆ కాలంలో కుముదిని అంటే ఇంటిల్లిపాదీ కళ్ళు తుడుచుకునే హీరోయిన్. రత్నమ్మగారు టీవీలో ఆ ముక్క పెట్టి, శబ్దం తీసేసి, కుముదిని పెదవులు చూస్తూ శిష్యుల చేత ఆ మాటలు పలికించేది. మొదటి ఏడాదంతా అదొక్కటే పాఠం. ఆవిడ ఊపిరి తీసిన చోట తియ్యాలి, ఆవిడ గుటక వేసిన చోట ఆగాలి. ఎవరైనా సొంత విరుపు ఒకటి కలిపారో, "నోరు ఆవిడది. నువ్వు అందులో అద్దెకున్నావంతే. గోడలకి మేకులు కొట్టకు" అని కసిరేది. ఆ పాఠం పుణ్యమా అని నీలవేణి కన్నతల్లి ముఖం కన్నా కుముదిని పెదవుల్నే ఎక్కువ చూసింది.

కుముదిని తెలుగు మనిషి కాదు. మంగుళూరు అమ్మాయి, అసలు పేరు ఐరీన్. సెట్లో వెనకనించి ఎవరో అందిస్తుంటే మాటలు పలికేది. తరవాత ఆ గొంతు తీసేసి, దాని చోట రత్నమ్మ గొంతు పెట్టేవారు. పన్నెండేళ్ళలో వచ్చిన సినిమాలన్నింటిలో జనం విన్నది రత్నమ్మనే, చూసింది కుముదినిని. ఎవరూ రెండూ వేరని అనుకోలేదు. అనుకోవలసిన పని వాళ్ళకేముంది?

నిడదవోలులో ఒకప్పుడు ఆ సినిమా వంద రోజులాడిన శ్రీలక్ష్మీ టాకీసు ఇప్పుడు శ్రీలక్ష్మీ ఫంక్షన్ హాలయింది. ఎరువుల వ్యాపారం చేసే గోపాలరాజు, పాత అభిమాన సంఘం పేరు దుమ్ము దులిపి, ఆదివారం పొద్దున అక్కడ కుముదినికి సన్మానం పెట్టాడు. నాలుగైదొందల మంది వచ్చారు. అందరూ నెరిసిన తలలే. గుమ్మంలో పెద్ద ఫ్లెక్సీ, దాని మీద ఇరవై రెండేళ్ళ కుముదిని, పెద్ద జడా, బొట్టూ, చెంప మీద ఒక కన్నీటి బొట్టూ.

లోపల పెళ్ళికూతురి గదిలో ప్లాస్టిక్ కుర్చీలో ఒక పొట్టి ముసలావిడ కూర్చుని ఉంది. మందపాటి కళ్ళద్దాలు, వాచిన మోకాళ్ళు, నూలు చీర. నీలవేణి మామూలుగా దణ్ణం పెట్టి పక్కకు పోబోయి, ఆ పెదవులు చూసి ఆగిపోయింది. ముఖమంతా ఎటో పోయింది కాని పెదవులు మాత్రం అవే.

రత్నమ్మగారు వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. "ఎలా వచ్చావు ఐరీనూ?"

"రైల్లో, రత్నక్కా." ఆ గొంతు విని నీలవేణి ఉలిక్కిపడింది. బరువైన గొంతు, అడుగున ఇసుక ఉన్నట్టు బొంగురు, మాట మాటకీ కన్నడం యాస. "పక్కన ఒకమ్మ ఫోన్లో సినిమా పాట చూస్తూ ఉంది. నా పాటే. నేను తొంగి చూశాను. ఆవిడ నన్ను చూసి, కాస్త అటు జరగండి మామ్మగారూ, అంది."

"నువ్వేమన్నావు?"

"జరిగాను."

ఇద్దరూ నవ్వారు. నవ్వినంత సేపూ నవ్వి, కుముదిని కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "నాకు శాలువా వద్దు అక్కా, దండ వద్దు. ఒక్కసారి వాళ్ళు నన్ను చూసి, అదిగో కుముదిని, అనాలి. చాలు. అది ఒకటి విని ఇంటికి పోతాను. మద్రాసు సాలిగ్రామంలో నా ఇంటి ఓనరుకే తెలీదు నేనెవరో."

అక్కడికి ఆవిడ ఎందుకొచ్చిందో నీలవేణికి తెలిసింది. తననెందుకు తెచ్చారో కూడా తెలిసింది. జనం గడప మాటలు చెప్పమని అడుగుతారు, చెప్పకపోతే ఊరుకోరు, గోపాలరాజు ముందే ఆ సంగతి చెప్పాడు. కుముదిని సొంత గొంతుతో చెబితే నలుగురూ నవ్వుతారు. రత్నమ్మ గొంతు ఎటూ లేదు. అందుకని వేదిక పక్కతెర వెనక నీలవేణి కూర్చోవాలి. పనిచేసే మైకు నీలవేణి చేతిలో, ఉత్త మైకు కుముదిని చేతిలో. ఈ సంగతి గోపాలరాజుకీ, మైకులు చూసే అతనికీ తప్ప మూడోవాడికి తెలియదు.

మళ్ళీ అదే ఖర్మ అనుకుంది నీలవేణి. గురువు మాట కాదనలేక స్టూలు మీద కూర్చుంది కాని ఆ పిల్ల ముఖం మాడిపోయి ఉంది. తెర సందులోంచి చూస్తే కుముదిని ఆరడుగుల దూరంలో, సగం ముఖం కనపడేలా నిలబడి ఉంది. రత్నమ్మగారు శిష్యురాలి వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి ఒత్తితే మాట మొదలుపెట్టాలి.

అప్పటిదాకా హాల్లో గుసగుసలు. ఈవిడేనా, ఈవిడ కాదేమో, అక్కయ్యేమో అని. ఫ్లెక్సీ వంకా ఈవిడ వంకా మార్చి మార్చి చూస్తున్నారు. గోపాలరాజు గడప మాటలు అడిగాడు. కుముదిని కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకుంది. నడుం కొంచెం నిటారయింది. ఊపిరి తీసుకుంది. నీలవేణీ తీసుకుంది. భుజం మీద చెయ్యి ఒత్తింది.

"నేనీ గడప లోపలికి వచ్చిననాడు ఎవరూ అడగలేదు నేనెవరినని. వెళ్ళిపోతుంటే ఎందుకండీ అడుగుతున్నారు?"

హాలు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. నలభై అయిదేళ్ళయినా ఆ పెదవులు వెంట్రుకవాసి తప్పలేదు. గుటక వేసిన చోటే గుటక, ఆగిన చోటే ఆగడం. రెండో వాక్యం, మూడో వాక్యం. ముందు వరసలో ఒకావిడ చెంగు నోట్లో కుక్కుకుంది. పదమూడోది అయ్యేసరికి ముసలాళ్ళు కుర్చీల్లోంచి లేచి నిలబడ్డారు. ఎవరో వెనకనించి ఈల వేశారు. "కుముదినే, కుముదినే" అని హాలంతా అంది. కుముదిని చేతులు జోడించి నిలబడింది. కావలసింది దక్కింది ఆవిడకి.

నీలవేణి మైకు దించి ఆ చప్పట్లు వింటూ కూర్చుంది. ఆ గొంతు తనది. ఆ కన్నీళ్ళు తెప్పించింది తను. ఎదురుగా చేతులు జోడించి నిలబడ్డ ముసలావిడ ముఖంలో ఆ పిల్లకి బొంబాయి అమ్మాయి ముఖమే కనపడింది.

అక్కడితో అయిపోతే ఈ కథ చెప్పుకోవలసిన పని లేదు. చప్పట్లు ఇంకా ఆగకుండానే, ఒక ముసలాయన ఇద్దరి భుజాలు పట్టుకుని వేదిక ఎక్కాడు. పోతురాజు అని, శ్రీలక్ష్మీ టాకీసులో గేటు దగ్గర టిక్కెట్లు చింపిన మనిషి. ఆ సినిమా వంద రోజులూ అన్ని ఆటలూ గేటు దగ్గరే నిలబడి విన్నాడు. ఇప్పుడు ఎనభై దాటాయి, కళ్ళకి పొరలు కమ్మాయి. గోపాలరాజు ముచ్చటపడి తన చేతిలోని మైకు ఇద్దరి మధ్యా పెట్టాడు. అదీ పనిచేసే మైకే. ఆ సంబరంలో ఆయనకి అది గుర్తు లేదు.

"తల్లీ, నేను పోతురాజుని. గేటు దగ్గర ఉండేవాణ్ణి. నువ్వు నన్నెరగవులే" అన్నాడు ముసలాయన. "బాగున్నావా అమ్మా? ఇన్నేళ్ళూ ఏమైపోయావు?"

కుముదిని పక్కతెర వంక చూసింది.

అది ఎవరూ రాసిచ్చిన మాట కాదు. అయినా పెద్ద విద్యేమీ అక్కర్లేదు దానికి. బాగున్నాను నాన్నా, మీ దయ, అని నాలుగు మాటలంటే సరిపోయేది. నీలవేణి చేతిలో మైకు ఉంది. భుజం మీద చెయ్యి ఒత్తింది. నీలవేణి నోరు తెరవలేదు. తెలియనీ, అనుకుంది. ఈ ఒక్కసారన్నా జనానికి తెలియనీ, ఆ గొంతు ఈవిడది కాదని. చెయ్యి మళ్ళీ ఒత్తింది, ఈసారి గట్టిగా. నీలవేణి మైకుని ఒళ్ళో పెట్టుకుంది. అత్తమీది కోపం దుత్తమీద చూపించడం అంటే ఇదే.

కుముదిని కాసేపు చూసింది. తరవాత తెర వంక చూడడం మానేసి ముసలాయన వైపు తిరిగింది.

"బాగా లేను అయ్యా" అంది. "ఒక్కదాన్నే ఉంటాను. ఎవరూ రారు. నాకు భాష లేదు, పని లేదు. మీరు అడిగారు. చాలా సంతోషం."

బొంగురు గొంతు, ఇసుక గొంతు, కన్నడం యాస హాలంతా పరుచుకుంది. పోతురాజు ముఖంలో నవ్వు అలాగే ఉండిపోయి, మెల్లగా మాసిపోయింది. చూపు లేని మనిషికి చెవే కదా ఆధారం. ఆయన తల పక్కకు వంచి ఇంకోసారి విందామన్నట్టు ఆగాడు. తరవాత గోపాలరాజు వైపు తిరిగి, పాపం, ఏ దురుద్దేశమూ లేకుండానే అడిగాడు.

"ఈవిడెవరండీ?"

అదీ మైకులో వినపడింది. ముందు ఎవరో ఒకరు కిసుక్కుమన్నారు. ఆపైన హాలంతా నవ్వింది. "డూపుని తెచ్చావా రాజుగారూ" అని ఒకడు, "కుముదిని ఎప్పుడో పోయిందంటగా" అని ఇంకొకడు. ఇందాక చెంగు నోట్లో కుక్కుకున్నావిడ మోసపోయినట్టు ముఖం పెట్టి సంచీ సర్దుకుంది. గోపాలరాజు గాభరాగా శాలువా కప్పేసి, మైకుల అతనికి సైగ చేశాడు. పాత సినిమా పాట పెద్ద శబ్దంతో మొదలైంది. కుముదిని నాలుగు వైపులా దణ్ణం పెట్టింది. మోకాళ్ళు సహకరించక, ఒక్కొక్క మెట్టూ రెండు కాళ్ళూ ఆనిస్తూ దిగింది. దిగుతున్న మనిషికి చెయ్యి అందించినవాళ్ళు లేరు.

నీలవేణి స్టూలు మీదే కూర్చుని ఉంది. ఇప్పుడు అడుగుతారు, అనుకుంది, మరి ఇందాక విన్న గొంతు ఎవరిది అని. కుర్చీలు చప్పుడవుతున్నాయి, జనం భోజనాల వైపు పోతున్నారు. ఆ గొంతు ఎవరిదని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు.

మద్రాసు బండి నాలుగింటికి. ముగ్గురూ నిడదవోలు స్టేషన్లో సిమెంటు బల్ల మీద కూర్చున్నారు. కుముదిని శాలువా మడతపెట్టి సంచీలో పెట్టుకుంది. నీలవేణి తల వంచుకుని కూర్చుంటే, ఆ పిల్ల గడ్డం పట్టుకుని పైకెత్తి, "బాగా చెప్పావమ్మా. మా రత్నక్క లాగే. నేను చిన్నదాన్నైపోయాను కొంచెం సేపు" అంది. నీలవేణి మళ్ళీ తల దించుకుంది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

బండి వచ్చింది. రత్నమ్మగారు ఆవిణ్ణి ఎక్కించి, కిటికీ దగ్గర నిలబడింది. "అక్కా, ఆ పెద్దాయన అడిగాడు కదా" అంది కుముదిని లోపల్నించి. "ఇన్నేళ్ళలో నన్ను ఒక మాట అడిగింది ఆయనొక్కడే. నేను చెప్పింది తప్పా?"

"తప్పేం లేదు ఐరీనూ."

"నా గొంతు భయపెట్టింది ఆయనని."

రత్నమ్మగారు కిటికీ ఊచల్లోంచి చెయ్యి పెట్టి ఆవిడ చెయ్యి పట్టుకుంది. బండి కదిలినా నాలుగడుగులు అలాగే నడిచి, ఇక నడవలేక వదిలేసింది. తిరిగొచ్చి బల్ల మీద కూలబడింది. హైదరాబాదు బండికి ఇంకా రెండు గంటలుంది.

"నేను కావాలనే ఆగానండీ" అంది నీలవేణి. అప్పటికి ఏడుస్తోంది.

"తెలుసు. నా చేతికింద నీ భుజం రాయిలా బిగుసుకుంది."

"మరి నన్నేమీ అనరేం?"

"నువ్వు నాలుగు గుటకల సేపు ఆగావు. నేను మూడు నెలలు ఆగాను" అంది రత్నమ్మగారు.

ఆ తరవాత చెప్పింది కొంచెమే. కుముదినికి గొంతివ్వడం మొదలుపెట్టిన పన్నెండో ఏట రత్నమ్మ తన పేరు కూడా తెరమీద వెయ్యమని అడిగింది. నిర్మాత ఒప్పుకోలేదు. అయితే నేను రానని మూడు నెలలు ఇంట్లో కూర్చుంది. కుముదిని మద్రాసు ఎండలో వచ్చి రెండుసార్లు తలుపు తట్టింది, తను తియ్యలేదు. వాళ్ళు ఇంకెవరి గొంతో పెట్టి సినిమా వదిలారు. మొదటి ఆటకే జనం నవ్వారు, ఈవిడ మా కుముదిని కాదన్నారు. ఆ తరవాత రెండు సినిమాలు, అవీ అంతే. అక్కడితో కుముదిని పని అయిపోయింది, అప్పటికి ముప్పై నాలుగేళ్ళు. మంగుళూరు వెళ్తే సినిమాలాడిన మనిషని అన్నదమ్ములు గుమ్మం ఎక్కనివ్వలేదు. ఇక రత్నమ్మ గొంతుకి కూడా ఆ ముఖం లేకుండా విలువ లేకపోయింది. ఆపైన అత్తగార్ల గొంతులూ, దెయ్యాల గొంతులూ ఇచ్చారు.

"పేరు అడిగినందుకు నేను ఇవాళ్టికీ సిగ్గుపడను. నువ్వూ అడుగు. గుమ్మం ముందు కూర్చుని అడుగు, కోర్టుకెక్కి అడుగు" అంది రత్నమ్మగారు. "తలుపు తియ్యనందుకే నాకు నిద్ర పట్టదు."

నీలవేణి సంచీలోంచి ఫోన్ తీసింది. బొంబాయి అమ్మాయి ముక్క అందులో ఉంది. నలుగురిలో వినిపించి నవ్విన ముక్క, నవ్వించిన ముక్క. దాన్ని చెవి దగ్గర పెట్టుకుని మొదటినించి చివరిదాకా వింది. ఈసారి నవ్వు రాలేదు. ఎవరికీ తెలియని ఊళ్ళో, నోరు తిరగని భాషలో, భయపడుతూ మాటలు కూడదీసుకుంటున్న ఒక ఆడపిల్ల గొంతు అది. నీలవేణి దాన్ని చెరిపేసి ఫోన్ లోపల పెట్టింది. ఛానెల్ వాళ్ళ ఫోన్ వస్తే ఏం చెప్పాలో ఇంకా తెలియలేదు కాని, ఏం ఇవ్వకూడదో తెలిసింది.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని, చిన్నపిల్లలా మళ్ళీ అడిగింది. "అమ్మగారూ, ఆవిడకి ఇంక ఎవరున్నారు? ఇన్నాళ్ళూ ఏమైపోయింది, ఎలా ఉంటోంది?"

రత్నమ్మగారు ఆ పిల్ల వంక తిరిగి చూసింది.

"ఆ గేటాయన అడిగిందీ అదే కదుటే. ఆవిడ చెప్పింది. ఆరడుగుల దూరంలో ఉన్నావు, వినలేదూ?"